తోళ్ళ కర్మాగారాన్ని తరగతి గదికి తెచ్చిన డాక్టర్ యలవర్తి నాయుడమ్మ

విశ్రాంత ఉద్యోగుల సంఘం వెలువరించే ప్రత్యేక సంచికలో ఒక తోళ్ళ శాస్త్రవేత్త జీవిత చరిత్ర ఎందుకని కొందరు సభ్యులు అనుకోవచ్చు. అందుకు తగిన కారణం మన ఆనందపురం పరిసరాల్లోనే ఉంది. ఆనందపురం కూడలి నుంచి విశాఖ వైపు వెళ్ళే దారిలో గంభీరం వద్ద ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మేనేజ్‌మెంట్ ప్రాంగణం ఉంది. 2015లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఆవరణలో తరగతులు ప్రారంభించిన ఆ సంస్థ, గంభీరంలో సొంత భవనాలు కట్టుకున్నది. 2024 ఫిబ్రవరిలో ఆ ప్రాంగణం జాతికి అంకితమైంది. వ్యాపార నిర్వహణ విద్య మన విశాఖకు కొత్తది కాదు. దేశంలో ఎం.బి.ఏ. చదువు ప్రారంభించిన తొలి విశ్వవిద్యాలయాలలో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఒకటి. అది వాసిరెడ్డి శ్రీకృష్ణ గారు వైస్‌ఛాన్సలర్‌గా ఉన్న రోజుల్లో, 1957 నాటి మాట.

ఒకవైపు ఇన్ని చదువుల ఆలయాలు. మరొకవైపు రేవులో, ఉక్కు కర్మాగారంలో, నౌకా నిర్మాణ కేంద్రంలో, బ్యాంకుల్లో, రైల్వేలో ముప్పయ్యేసి, నలభయ్యేసి ఏళ్ళు పనిచేసి ఇంటిపట్టున కూర్చున్న మనవంటి వారు. ఈ రెండింటి మధ్య దారి ఉన్నదా? చేతితో చేసి నేర్చుకున్న పనికి విశ్వవిద్యాలయం తరగతి గదిలో చోటు ఉన్నదా? ఈ ప్రశ్నకు ఉపన్యాసాలతో కాక, ఒక సంస్థను నడిపి చూపించి సమాధానం చెప్పిన తెలుగువారు కీర్తిశేషులు డాక్టర్ యలవర్తి నాయుడమ్మ గారు. అందుకే ఈ సంచికలో ఆయనను స్మరించుకుంటున్నాము.

యలవర్రు నుంచి కాశీకి

నాయుడమ్మ గారు 1922 సెప్టెంబరు 10న తెనాలి దగ్గరి యలవర్రు గ్రామంలో జన్మించారు. అప్పుడది గుంటూరు జిల్లా, ఇప్పుడు బాపట్ల జిల్లా. కృష్ణా డెల్టాలోని మాగాణి పల్లె. వారిది వ్యవసాయ కుటుంబం. పేరు చివర అమ్మ అని ఉండటం చూసి ఉత్తరాది వారు, విదేశీయులు స్త్రీ అనుకునే వీలున్నది గాని, కోస్తా జిల్లాల వారికి మగవారి పేర్లలో నాయుడమ్మ కొత్తది కాదు.

సొంత జిల్లాలో తొలి చదువులు ముగించుకుని ఆయన బెనారస్ హిందూ విశ్వవిద్యాలయానికి వెళ్ళారు. మదనమోహన మాలవ్యా గారు స్థాపించిన ఆ విశ్వవిద్యాలయంలో వేదాలు, శాస్త్రాలతో పాటు ఇంజనీరింగుకు, పారిశ్రామిక రసాయన శాస్త్రానికి మొదటి నుంచీ చోటుండేది. దేశానికి స్వరాజ్యం వస్తే సరిపోదు, సబ్బు, గాజు, తోలు, మందులు మనమే చేసుకోగలగాలి అన్న పట్టుదల అక్కడి చదువులో కలిసి ఉండేది. నాయుడమ్మ గారు 1943లో పారిశ్రామిక రసాయన శాస్త్రంలో పట్టా పుచ్చుకున్నారు.

ఆ రోజుల్లో అటువంటి పట్టా చేతికి వచ్చిన యువకునికి ప్రభుత్వోద్యోగమో, కాలేజీలో లెక్చరర్ పనో దొరకడం కష్టం కాదు. ఆయన మాత్రం మద్రాసు చేరి అక్కడి తోళ్ళ సాంకేతిక విద్యాసంస్థలో చేరారు. అంటే పచ్చి తోళ్ళు, సున్నపు తొట్లు, చెక్క కషాయాల వాసన మధ్య జీవితం ప్రారంభించారన్నమాట. ఈ నిర్ణయం విలువ తెలియాలంటే అప్పటి సమాజం ఆ వృత్తిని ఎలా చూసేదో కొంచెం గుర్తు చేసుకోవాలి.

ఊరి చివరి వృత్తి

మన పాత పల్లెల్లో తోలు లేకుండా ఏ పనీ సాగేది కాదు. బావిలోంచి నీరు తోడే మోటకు తోలు బాన కావాలి. ఎడ్ల మెడపట్టెడలకు, కాడి వార్లకు, చెప్పులకు, డప్పులకు తోలు కావాలి. ఇవన్నీ చేసి ఇచ్చిన మాదిగలను మాత్రం ఊరు దూరంగా ఉంచింది. వారి చేతిపని కావాలి గాని వారు పక్కన కూర్చోకూడదు. ఎంత సున్నంలో ఎన్ని రోజులు నానితే వెంట్రుక ఊడుతుందో, తంగేడు చెక్క, తుమ్మ చెక్క, కరక్కాయ ఏ పాళ్ళలో కలిస్తే తోలుకు పదును వస్తుందో వారికి తెలుసు. ఆ విద్య తండ్రి నుంచి కొడుక్కు చేతి మీదుగా వచ్చిందే గాని పుస్తకానికి ఎక్కలేదు. పుస్తకాలు వ్రాసేవారు ఆ గూడెంలో అడుగుపెట్టలేదు కనుక ఎక్కే అవకాశం కూడా లేదు.

పట్టణాల్లో వ్యాపారం వేరే పద్ధతిలో నడిచేది. మద్రాసు పరిసరాల్లోని పల్లావరం మొదలు ఆంబూరు, వాణియంబాడి, దిండుగల్లు వరకు ఎన్నో టానరీలు వెలిశాయి. తంగేడు చెక్కతో పదును చేసిన దక్షిణాది తోళ్ళు ఈస్టిండియా తోళ్ళన్న పేరుతో లండన్ బజారులో అమ్ముడయ్యేవి. 20వ శతాబ్దం తొలి ఏళ్ళలో ఆల్ఫ్రెడ్ ఛాటర్టన్ అనే ఇంజనీరింగు ఆచార్యుడు మద్రాసులో క్రోము లవణాలతో తోళ్ళు పదును చేసే పద్ధతిని ప్రవేశపెట్టారు. మద్రాసు శివారులోని క్రోంపేటకు ఆ పేరు వచ్చింది అక్కడి క్రోమ్ లెదర్ కంపెనీ వల్లనే.

ఈ విధంగా వృత్తి ఒకచోట, వ్యాపారం ఒకచోట, చదువు ఇంకొకచోట ఉండేవి. పనివానికి రసాయన శాస్త్రం తెలియదు. రసాయన శాస్త్రం తెలిసినవానికి తోలు ముట్టుకోవడం తెలియదు. వ్యాపారికి రెండూ అక్కరలేదు, లండన్ ధర తెలిస్తే చాలు. నాయుడమ్మ గారు జీవితమంతా చేసిన పని ఈ ముగ్గురినీ ఒక కప్పు కిందికి తీసుకురావడమే.

ఉక్కు పట్టణంలో తోళ్ళ చదువు

ఉన్నత శిక్షణ కోసం ఆయన మొదట ఇంగ్లండుకు, ఆ తరువాత అమెరికాకు వెళ్ళారు. అమెరికాలో ఆయన డాక్టరేటు సంపాదించినది లీహై విశ్వవిద్యాలయంలో. మన విశాఖవాసులకు ఆ ఊరి సంగతి ఆసక్తిగా ఉంటుంది. ఆ విశ్వవిద్యాలయం ఉన్నది పెన్సిల్వేనియా రాష్ట్రంలోని బెత్లెహాము పట్టణంలో. బెత్లెహాము స్టీల్ అనే పెద్ద ఉక్కు కంపెనీకి అది పుట్టినిల్లు. రైలుమార్గాల వ్యాపారి ఏసా ప్యాకర్ 1865లో ఆ విశ్వవిద్యాలయాన్ని స్థాపించారు. ఒకే పట్టణంలో ఒక పక్క కొలుములు, మరొక పక్క తరగతి గదులు. బెత్లెహాములోని కర్మాగారం 1995లో ఉక్కు తయారీ ఆపివేసింది గాని, విశ్వవిద్యాలయం మాత్రం ఈనాటికీ నడుస్తున్నది.

చర్మంలో ప్రధానంగా ఉండేది కొల్లాజెన్ అనే మాంసకృత్తు. ఆ పోగులను చెక్క కషాయమో, క్రోము లవణమో పట్టుకుని కట్టివేస్తే తోలు కుళ్ళకుండా నిలుస్తుంది. ఆ పట్టు ఎలా కుదురుతుందన్నది తోళ్ళ శాస్త్రంలో మూల ప్రశ్న. దానిపై లోతైన పరిశోధన చేయగలిగిన శిక్షణతో నాయుడమ్మ గారు 1950ల ఆరంభంలో మద్రాసుకు తిరిగి వచ్చారు.

ఒకే ఆవరణలో మూడు పనులు

ఆయన తిరిగి వచ్చేసరికి మద్రాసులో ఒక కొత్త సంస్థ రూపుదిద్దుకుంటున్నది. అదే కేంద్రీయ తోళ్ళ పరిశోధన సంస్థ, పొట్టిగా సి.ఎల్.ఆర్.ఐ. దానికి 1948 ఏప్రిల్ 24న నాటి పరిశ్రమల మంత్రి డాక్టర్ శ్యామాప్రసాద్ ముఖర్జీ గారు శంకుస్థాపన చేశారు. సంస్థను పెట్టిన చోటు గొప్పది. మద్రాసు విశ్వవిద్యాలయానికి చెందిన అళగప్ప చెట్టియార్ సాంకేతిక కళాశాల పక్కనే ఉంది. ఆ కళాశాల 1944లో ఏర్పడింది. అళగప్ప చెట్టియార్ గారు పేరుమోసిన వ్యాపారి, ఆయన విరాళమే దానికి ఆధారం. విశ్వవిద్యాలయానికి ఏళ్ళ తరబడి వైస్‌ఛాన్సలర్‌గా పనిచేసిన డాక్టర్ ఆర్కాటు లక్ష్మణస్వామి మొదలియార్ గారి దూరదృష్టి ఈ ఇరుగుపొరుగు ఏర్పాటు వెనుక ఉన్నది.

ఈ ఏర్పాటు వల్ల ఒక విశేషం జరిగింది. తోళ్ళ సాంకేతిక శాస్త్రంలో పట్టా ఇచ్చేది విశ్వవిద్యాలయం. ఆ పాఠాలు చెప్పేది పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు. విద్యార్థి పొద్దున విన్న పాఠాన్ని మధ్యాహ్నం అదే ఆవరణలోని టానరీలో తొట్టి ముందు నిలబడి చేసి చూడవచ్చు. పట్టా కోసం ఒకచోట, పని కోసం మరొకచోట తిరగవలసిన అవసరం లేదు. 1978లో అన్నా విశ్వవిద్యాలయం ఏర్పడినప్పుడు ఆ సాంకేతిక కళాశాల దానిలో కలిసింది. తోళ్ళ చదువు మాత్రం ఆ రెండు సంస్థల ఉమ్మడి కాపురంగానే కొనసాగింది.

1958లో నాయుడమ్మ గారు ఆ సంస్థకు డైరెక్టరు అయ్యారు. అప్పటికి ఆయనకు ముప్పయ్యారు ఏళ్ళు కూడా నిండలేదేమో. 1971 వరకు, అంటే సుమారు పదమూడేళ్ళు ఆ బాధ్యతలో ఉన్నారు. చదువు, పరిశోధన, పరిశ్రమ మూడూ ఒకేచోట ఉండాలన్న ఏర్పాటు కాగితం మీద ఆయన రాకముందే ఉన్నది. దానికి ప్రాణం పోసినది ఆయన.

పక్కింటి పచ్చితోలుతో పెద్ద శాస్త్రం

ఇరుగుపొరుగు వల్ల ఎంత మేలో చెప్పే సంఘటన ఒకటి నాయుడమ్మ గారు డైరెక్టరు కాకముందే జరిగింది. మద్రాసు విశ్వవిద్యాలయ భౌతికశాస్త్ర ఆచార్యులు జి.ఎన్. రామచంద్రన్ గారు కొల్లాజెన్ పోగు నిర్మాణాన్ని ఎక్స్‌రే కిరణాలతో తెలుసుకోవాలనుకున్నారు. అందుకు శుభ్రమైన నమూనా కావాలి. తోళ్ళ పరిశోధన సంస్థలో కంగారూ తోక నుంచి తీసిన స్నాయువు దొరికింది. దాన్ని పట్టుకుని ఆయన, గోపీనాథ్ కర్తా గారు కలిసి చేసిన కృషి 1954, 1955 సంవత్సరాల్లో నేచర్ పత్రికలో వెలువడింది. మూడు పేటల తాడు పేనినట్లు మూడు గొలుసులు మెలితిరిగి ఉండే నిర్మాణమని వారు చూపించారు. ప్రపంచ విజ్ఞాన చరిత్రలో భారతదేశానికి దక్కిన పెద్ద గౌరవాల్లో ఇది ఒకటి. సి.ఎల్.ఆర్.ఐ. తన సభాభవనానికి ట్రిపుల్ హెలిక్స్ అని పేరు పెట్టుకున్నది ఆ జ్ఞాపకంగానే.

ఊరి చివరి వృత్తి అని పక్కకు నెట్టిన పని నుంచే అంత గొప్ప సిద్ధాంతానికి ముడిసరుకు వచ్చింది. చేతిపని తక్కువదనీ, సిద్ధాంతం ఎక్కువదనీ అనుకునేవారు ఈ ఒక్క సంగతి గుర్తు పెట్టుకుంటే చాలు.

టానరీలో మాత్రమే తెలిసే సంగతులు

తోళ్ళ పనిలో పుస్తకం చెప్పలేని సంగతులు ఏముంటాయని అడగవచ్చు. కొన్ని చెబుతాను. పచ్చి తోలు కొనేటప్పుడు బరువు మీదనో, లెక్క మీదనో కొంటారు. తయారైన తోలును చదరపు అడుగుల లెక్కన అమ్ముతారు. ఎన్ని కిలోల పచ్చి తోలు ఎన్ని అడుగుల మంచి తోలుగా తేలుతుందన్నదే లాభనష్టాల కీలకం. చర్మం ఒలిచేటప్పుడు కత్తి గాటు పడినా, పశువు బ్రతికి ఉండగా ముల్లుకర్ర పోటు తగిలినా, ఉప్పు పట్టించడం ఒక పూట ఆలస్యమైనా ఆ మచ్చ చివరిదాకా పోదు. వేసవిలో సున్నపు తొట్టిలో ఉంచే రోజులు వేరు, వానాకాలంలో వేరు. తోలు మీద బొటనవేలితో నొక్కి, ఆ గుంట ఎంతసేపటికి పూడుతుందో చూసి, పాకం వచ్చిందీ రానిదీ చెప్పగల పనివారు ఉండేవారు. తయారైన తోళ్ళను చేత్తో తడిమి రకాలుగా విడదీసే మేస్త్రీ ఒక్కడు పొరపాటు పడితే ఆ నెల వ్యాపారమే తలకిందులవుతుంది.

ఇవి తెలియకుండా పట్టా పుచ్చుకున్న యువకుడు టానరీకి వెళితే, అక్కడి మేస్త్రీ అతన్ని చూసి నవ్వుతాడు. పట్టా ఉన్న యువకుడికి మేస్త్రీ మీద గౌరవం ఉండదు. ఇద్దరి వల్లా యజమానికి ఉపయోగం లేదు. ఈ చిక్కును విప్పడానికి నాయుడమ్మ గారు నడిపిన పద్ధతి రెండు వైపులా తలుపులు తెరవడం. టానరీల యజమానులు, మేస్త్రీలు తమ చిక్కులతో నేరుగా ప్రయోగశాలకు రావచ్చు. శాస్త్రవేత్తలు, విద్యార్థులు టానరీలకు వెళ్ళి అక్కడే పనిచేసి చూపాలి. ఆ సంస్థకు కలకత్తా, కాన్పూరు, జలంధరు వంటి తోళ్ళ కేంద్రాల్లో విస్తరణ శాఖలు ఏర్పడ్డాయి. వ్యవసాయ శాఖవారు పొలం దగ్గరికి వెళ్ళినట్లు తోళ్ళ శాస్త్రవేత్తలు టానరీ దగ్గరికి వెళ్ళాలన్నమాట. రైతు బిడ్డకు ఈ ఆలోచన సహజంగానే తట్టి ఉంటుంది.

పరిశోధకులు, పరిశ్రమవారు ఏడాదికొకసారి ఒకచోట కూర్చుని మాట్లాడుకునే సమావేశాల సంప్రదాయం కూడా ఆ సంస్థలో స్థిరపడింది. జనవరి నెలాఖరులో జరిగే ఆ కలయిక లెరిగ్ అన్న పొట్టి పేరుతో తోళ్ళ లోకమంతటా ప్రసిద్ధి. ప్రయోగశాలలో ఏం చేశామో శాస్త్రవేత్తలు చెబుతారు. అది తమ తొట్టిలో పనిచేసిందో లేదో వ్యాపారులు చెబుతారు. అధ్యాపకునికి అంతకంటె కఠినమైన పరీక్షాధికారి ఎవరు?

ఇలా దేశదేశాల నుంచి శిక్షణకు విద్యార్థులు వచ్చే కేంద్రంగా ఆ సంస్థ ఎదిగింది. ప్రపంచంలోని తోళ్ళ పరిశోధన సంస్థల్లో అతి పెద్దదిగా పేరు తెచ్చుకున్నది.

సగం పని, సగం కూలి

ఇదంతా చదువుల ముచ్చట మాత్రమే కాదు. లక్షల మంది కూడు దీని మీద ఆధారపడి ఉన్నది. మన దేశం చాలాకాలం పచ్చి తోళ్ళను, సగం పదును చేసిన తోళ్ళను ఎగుమతి చేసేది. వాటిని విదేశాల వారు తీసుకుని, మెరుగుపెట్టి, బూట్లు, సంచులు కుట్టి పది రెట్లకు అమ్ముకునేవారు. అసలు విలువ చేరేది చివరి మెట్టు దగ్గర. ఆ మెట్టు ఎక్కాలంటే నైపుణ్యం కావాలి. నైపుణ్యం కావాలంటే చదువుకున్న పనివారు కావాలి.

1970ల ఆరంభంలో, సీతారామయ్య కమిటీ సిఫార్సుల మీదట, కేంద్ర ప్రభుత్వం పచ్చి తోళ్ళ ఎగుమతిని ఆపి, సగం పదును చేసిన తోళ్ళ ఎగుమతికి పరిమితులు విధించింది. సరుకును ఇక్కడే పూర్తిగా తయారుచేయాలన్నది ఉద్దేశం. అటువంటి ఉత్తర్వు వేయడం తేలిక. అమలు చేయగలిగిన మనుషులు లేకపోతే మాత్రం పరిశ్రమ మూతపడుతుంది. అప్పటికే రెండు దశాబ్దాలుగా మద్రాసులో తయారవుతున్న పట్టభద్రులు, శిక్షణ పొందిన మేస్త్రీలు ఉండబట్టే ఆ మార్పును పరిశ్రమ తట్టుకోగలిగింది. ఈనాడు తోళ్ళు, పాదరక్షల రంగంలో నలభై లక్షలకు పైగా జనం బ్రతుకుతున్నారని అంచనా. వారిలో స్త్రీలు చాలామంది ఉన్నారు. పూర్వం ఊరి చివర ఉంచబడిన కుటుంబాల వారూ ఎక్కువే.

ఢిల్లీ కొలువు, కరీంనగర్ ప్రయోగం

1971లో ఆయనను వైజ్ఞానిక, పారిశ్రామిక పరిశోధన మండలి, అనగా సి.ఎస్.ఐ.ఆర్., డైరెక్టర్ జనరల్‌గా నియమించారు. అదే ఏడాది పద్మశ్రీ పురస్కారం లభించింది. దేశమంతటా ఉన్న జాతీయ ప్రయోగశాలల యాజమాన్యం ఆ పదవిలో ఉన్నవారిది. ఆ మండలికి అధ్యక్షులు సాక్షాత్తు ప్రధానమంత్రి. 1977 వరకు ఆయన ఆ పదవిలో ఉన్నారు.

తోళ్ళ విషయంలో చేసిన పనినే ఇక్కడ పెద్ద ఎత్తున చేయాలని ఆయన తలపెట్టారు. అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని కరీంనగర్ జిల్లాను తీసుకుని, వేర్వేరు ప్రయోగశాలల పరిజ్ఞానాన్ని ఒక జిల్లా అవసరాలకు ఎలా అన్వయించవచ్చునో చూసే పథకం ఆయన కాలంలోనిదే. మండలి చేతిలో ఉన్న విద్యలను జాబితాగా చూపి ఏది కావాలో ఎంచుకోమనడం పాత పద్ధతి. ముందు జిల్లాకు వెళ్ళి అక్కడి జనం అవసరం ఏమిటో తెలుసుకుని, తరువాత ప్రయోగశాల వైపు తిరగాలన్నది ఆయన పద్ధతి. పల్లెలో ఉన్న వనరు, పల్లెలో ఉన్న చేయి, ప్రయోగశాలలో ఉన్న బుద్ధి కలవాలన్నది ఆయన సిద్ధాంతం. అన్ని జిల్లాలూ కరీంనగర్ అయిపోలేదు, ఆ పథకం ఆశించినంతగా పాకలేదు. కాని శాస్త్రవేత్తను ఢిల్లీ నుంచి పల్లెకు నడిపించిన తొలి ప్రయత్నాల్లో దానికి స్థానం ఉన్నది.

1981లో ఢిల్లీలోని జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయానికి వైస్‌ఛాన్సలర్ అయ్యారు. టానరీ ముంగిట మొదలైన జీవితం విశ్వవిద్యాలయం తలవాకిటికి చేరింది. అయితే ఆ పదవిలో 1982 వరకు మాత్రమే ఉన్నారు. అంతకు ముందూ ఆ తరువాతా వర్ధమాన దేశాలకు సాంకేతిక సలహాదారుగా ఆయన చేసిన ప్రయాణాలు ఎన్నో.

పరిశ్రమకు దగ్గరైనా దాసోహం కారాదు

పరిశ్రమ అనుభవాన్ని విశ్వవిద్యాలయానికి తీసుకురావడంలో ఒక ప్రమాదం కూడా ఉన్నది. దాన్ని దాచిపెట్టి జీవిత చరిత్ర చెప్పడం భావ్యం కాదు. తోళ్ళ పరిశ్రమ పెరిగినకొద్దీ ఉప్పు, క్రోము కలిసిన మురుగునీరు పాలారు నదీ పరీవాహకంలోని నేలను, బావులను పాడుచేసింది. వెల్లూరు ప్రాంత పౌరుల పిటిషను మీద సుప్రీంకోర్టు 1996లో ఇచ్చిన తీర్పు ప్రసిద్ధమైనది. కాలుష్యం చేసినవారే దాని ఖర్చు భరించాలన్న సూత్రాన్ని ఆ తీర్పు మన దేశ చట్టంలో భాగమని ప్రకటించింది. నాయుడమ్మ గారు అప్పటికి లేరు. ఆయన పెంచిన సంస్థ శాస్త్రవేత్తలే ఉప్పు, క్రోము వాడకం తగ్గించే పద్ధతులు కనిపెట్టడానికి, మురుగును శుద్ధి చేయడానికి పూనుకోవలసి వచ్చింది.

వ్యాపారానుభవం ఉన్నవారు తరగతి గదికి వచ్చినప్పుడు సరుకు ఎలా తయారు చేయాలో చెబుతారు. ఆ సరుకు ఎవరి బావిని పాడుచేస్తున్నదో అడిగే ధైర్యం విశ్వవిద్యాలయానికి ఉండాలి. ఇద్దరూ కలవాలి గాని, ఒకరికొకరు లొంగిపోకూడదు. కర్మాగారాల పొగ పీల్చి బ్రతికిన విశాఖవాసులకు ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు.

చివరి ప్రయాణం

1985 జూన్‌లో నాయుడమ్మ గారు కెనడాలోని అంతర్జాతీయ అభివృద్ధి పరిశోధన కేంద్రం సమావేశానికి వెళ్ళారు. వర్ధమాన దేశాల్లో పరిశోధనకు సాయపడే సంస్థ అది. తిరుగు ప్రయాణంలో ఎయిర్ ఇండియా వారి కనిష్క విమానం ఎక్కారు. జూన్ 23న ఐర్లండు తీరానికి సమీపంలో, అట్లాంటిక్ సముద్రం మీద ఎగురుతుండగా ఉగ్రవాదులు పెట్టిన బాంబు పేలి ఆ విమానం కూలిపోయింది. అందులో ఉన్న 329 మందీ మరణించారు. ఆనాటి వార్త విని రేడియోల దగ్గర కొయ్యబారిపోయిన వారు మన సభ్యుల్లో చాలామంది ఉంటారు. నాయుడమ్మ గారికి అప్పటికి అరవై మూడేళ్ళు నిండలేదు. మనలో చాలామందికి పింఛను మొదలై నాలుగైదేళ్ళు అయ్యే వయస్సు అది. ఆయనకు మాత్రం విశ్రాంతి అన్నది లేకుండానే జీవితం ముగిసిపోయింది. ఆయన పేర ఏర్పడిన పురస్కారం ప్రముఖ శాస్త్రవేత్తలను సత్కరిస్తూ ఆ స్మృతిని నిలిపింది.

మన చేతిలో ఉన్నది

ఇక మన సంగతి. నాయుడమ్మ గారు మద్రాసులో చేసి చూపిన పనికి ఈనాడు నిబంధనల రూపంలో తలుపు తెరిచి ఉన్నది. విశ్వవిద్యాలయ నిధుల సంఘం, అదే యు.జి.సి., 2022లో ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్ అనే స్థానానికి మార్గదర్శకాలు విడుదల చేసింది. ఏదైనా వృత్తిలో, పరిశ్రమలో, వ్యాపారంలో, పాలనలో కనీసం 15 సంవత్సరాలు పనిచేసి పేరు తెచ్చుకున్నవారిని డాక్టరేటు లేకున్నా ఆచార్యులుగా తీసుకోవచ్చు. ఇవి మంజూరైన అధ్యాపక పోస్టుల్లో పదో వంతుకు మించకూడదు. మొదట ఒక సంవత్సరానికి తీసుకుంటారు, పొడిగించినా మొత్తం నాలుగేళ్ళు దాటదు. ఉపాధ్యాయ వృత్తిలో ఉన్నవారికి, దాని నుంచి విరమించినవారికి ఇది వర్తించదు. జీతం లేకుండా గౌరవ హోదాలో చేరే పద్ధతి కూడా ఉన్నది.

దీనివల్ల మనలో అందరికీ ఆచార్య పదవులు వస్తాయని కాదు. అవి ఎక్కువ లేవు, అడిగేవారు ఎక్కువ. అయితే పదవి కంటె ముఖ్యమైనది మరొకటి ఉన్నది. మేనేజ్‌మెంటు చదివే పిల్లవానికి సరుకు నిల్వ లెక్క సూత్రం పుస్తకంలో దొరుకుతుంది. ఓడ రేవులో ఒక రోజు ఆలస్యంగా ఖాళీ అయితే ఎవరికి ఎంత డెమరేజి పడుతుందో, ఆ తగవు ఎలా తీరుతుందో రేవు ఉద్యోగికి తెలుసు. బ్లాస్ట్ ఫర్నేసు ఒకసారి చల్లబడితే తిరిగి రాజేయడానికి ఎంత పాటు పడాలో ఉక్కు ఉద్యోగికి తెలుసు. రుణం అడిగినవాని ముఖం చూసి కాగితాల్లో లేని సంగతి పట్టుకోవడం బ్యాంకు మేనేజరుకు తెలుసు. మన తరం వెళ్ళిపోతే వీటిలో చాలా భాగం మనతోనే పోతుంది. పల్లె తోలుపనివారి విద్య ఎంత పోయిందో చూశాము కదా.

కనుక మన సభ్యులకు ఒక మనవి. మీ మీ శాఖల్లో మీరు ఎదుర్కొన్న ఒక చిక్కును, దాన్ని ఎలా విప్పారో, విప్పలేకపోతే ఎందుకు విప్పలేకపోయారో, అంకెలతో సహా నాలుగు పేజీలు వ్రాసి పెట్టండి. గొప్పలు అక్కరలేదు, ఎక్కడ నష్టం వచ్చిందో కూడా వ్రాయండి. పిల్లలకు ఎక్కువ ఉపయోగపడేది అదే. దగ్గరలోని కళాశాలకు వెళ్ళి ఒక గంట మాట్లాడే అవకాశం అడగండి. మీ మనుమడో, మనుమరాలో అదే చదువు చదువుతుంటే ముందుగా ఇంట్లోనే ప్రారంభించండి.

యలవర్రు రైతు బిడ్డ పచ్చి తోలు వాసనకు ముక్కు మూసుకోలేదు కనుక ఒక వృత్తికి శాస్త్ర గౌరవం దక్కింది, ఒక విశ్వవిద్యాలయానికి పనితనం అబ్బింది. మన ఇళ్ళలో మూలన పడి ఉన్న అనుభవం కూడా అంతటి విలువైనదే. దాన్ని పిల్లలకు అప్పగించడమే నాయుడమ్మ గారికి మనం అర్పించగలిగిన నివాళి.